బీప్ వినిపించింది సరే, కింద ఏముంది?

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. పాడుబడిన గుడి వెనకో, కోట బురుజు కిందో అర్ధరాత్రి తవ్వుతూ నలుగురైదుగురు దొరికిపోతారు. పోలీసులు స్వాధీనం చేసుకునే సామాను కూడా పెద్దగా మారదు: గడ్డపారలు, తట్టలు, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, ఒక కారు. కొన్నేళ్లుగా ఆ జాబితాలో మెటల్ డిటెక్టర్ కూడా చేరింది. వాడుకలో దాని పేరు స్కానర్. మంత్రగాడు చూపించిన చోటును అనుమానించేవాళ్లు కూడా స్కానర్ మోగిన చోటును అనుమానించరు. మెషీన్ కదా అని.

మెషీన్ అబద్ధం చెప్పదన్న మాట నిజమే. కింద లోహం ఉంటే మోగుతుంది. చిక్కల్లా ఆ మోతకు అర్థం ఏమిటన్న దగ్గరే. వస్తువు ఎంత లోతులో ఉంది, ఎంత పెద్దది, ఏ లోహం అన్న మూడు సంగతులూ ఒకే శబ్దంలో కలిసిపోయి పైకి వస్తాయి. లోతులో ఉన్న పెద్ద బిందె, పైపైన ఉన్న చిన్న మేకు ఒకేలా పలకొచ్చు. ఈ మూడింటినీ విడదీయడానికి 140 ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు, సైనికులు కుస్తీ పడుతూనే ఉన్నారు.

మూల సూత్రం ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నదే. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ: అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే దగ్గర్లో ఉన్న వాహకంలో కరెంటు పుడుతుంది. డిటెక్టర్ కొసన పళ్లెంలా కనిపించే భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటును పంపిస్తారు. దాని క్షేత్రం మట్టిలోకి దిగి, అక్కడ లోహం తగిలితే అందులో గుండ్రంగా సుళ్లు తిరిగే కరెంట్లను పుట్టిస్తుంది. ఆ సుడి కరెంట్లు తిరిగి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి. పళ్లెంలోనే ఉన్న రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె అడుగు కాలేదీ ఇలాంటి సుడి కరెంట్ల వల్లే. స్టవ్‌కు కావలసింది వాటి వేడి, డిటెక్టర్‌కు కావలసింది వాటి జవాబు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం మొదటి అడుగులోనే ఇబ్బంది. రెండో చుట్ట పక్కనే మొదటి చుట్ట హోరెత్తిస్తూ ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నిలబడి, వీధి చివర ఎవరో గుసగుసలాడితే వినాలన్నంత కష్టం. దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, రెండు చుట్టలను ఎంత కొలతగా అమర్చాలంటే మొదటిదాని ప్రభావం రెండోదాని మీద సున్నా కావాలి. లోహం దగ్గరికి రాగానే ఆ తూకం చెడుతుంది, మోత వినిపిస్తుంది. రెండోది ఇంకా సులువైన ఆలోచన: బ్యాండునే ఆపేయడం. ఒక్క క్షణం గట్టిగా కరెంటు పంపి, టక్కున కోసేసి, ఆ నిశ్శబ్దంలో వినడం. దీన్ని పల్స్ పద్ధతి అంటారు.

తూకం పద్ధతికి చరిత్రలో దొరికే తొలి పెద్ద పరీక్ష ఆసుపత్రి మంచం లాంటి చోట జరిగింది. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే ఇంకా పుట్టని రోజులు. డాక్టర్లు గాయంలో వేళ్లు పెట్టి వెతుకుతున్నారు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్, అంతకు రెండేళ్ల ముందు డేవిడ్ హ్యూస్ తయారుచేసిన ‘ఇండక్షన్ బ్యాలెన్స్’ను మార్చి, దానికి తన టెలిఫోన్ రిసీవర్ తగిలించి తీసుకొచ్చాడు. అమెరికా అంతర్యుద్ధంలో తగిలిన తూటాలు ఒంట్లోనే మిగిలిపోయిన పాత సైనికుల మీద ముందే పరీక్షించి చూశాడు కూడా. వాళ్ల దగ్గర పనిచేసింది. అధ్యక్షుడి దగ్గర మాత్రం ఒక చోట కాకుండా చాలా వెడల్పున సన్నగా మోత వినిపిస్తూనే ఉంది. తరువాత తెలిసిందేమిటంటే, ఆయన పడుకున్న పరుపు కింద స్టీలు తీగలున్నాయి. దానికి తోడు, తూటా కుడివైపే ఉందని గట్టిగా నమ్మిన డాక్టర్ విల్లర్డ్ బ్లిస్ కుడివైపు తప్ప వెతకనివ్వలేదు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాక పోస్టుమార్టంలో తూటా ఎడమవైపు కనిపించింది.

ఈ రంగంలో ఆ తరువాత వచ్చిన కష్టాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. యంత్రం లోహాన్ని కనిపెట్టింది, కానీ అది కావలసిన లోహం కాదు. వెతకాల్సిన చోటును యంత్రం కాకుండా మనిషి నమ్మకం నిర్ణయించింది.

పల్స్ పద్ధతిలో వినేది లోహాన్ని కాదు, కరెంటు చచ్చిపోయే తీరును. పై కరెంటు ఆగిపోగానే లోహంలోని సుడి కూడా ఆగిపోవాలి. కానీ ఒక్కసారిగా ఆగదు. గుడిలో గంట కొట్టి వదిలేశాక మోత మెల్లమెల్లగా తగ్గినట్టు తగ్గుతుంది. వస్తువు పెద్దదైతే, మంచి వాహకమైతే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రాగి గుండులో ఈ సుడి చల్లారే కాలం సుమారు 0.7 మిల్లీసెకన్లు. అదే రాగి పూస వ్యాసం 2 మిల్లీమీటర్లైతే 7 మైక్రోసెకన్లు మాత్రమే. సైజు 10 రెట్లు తగ్గితే కాలం 100 రెట్లు తగ్గిపోతుంది. పంపిన కరెంటు తాలూకు అలజడి మెషీన్ లోపలే సద్దుమణగడానికి దాదాపు 10 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే చెవి తెరిచేలోపే చిన్న పూస పాట సగానికి పైగా అయిపోయి ఉంటుంది. చెవిపోగుల్లాంటి సన్నటి నగలు, గాజు మందుపాతర (మైను) లోపలి పిన్ను లాంటివి పట్టుకోవడం ఎందుకు కష్టమో ఇక్కడే తెలుస్తుంది.

ఇక లోతు సంగతి. నిధి వేటగాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత లోతు చూస్తుంది’ అని. అమ్మేవాళ్లు ఇచ్చే జవాబు 10 మీటర్లు, 20 మీటర్లు, కొందరైతే ఇంకా ఎక్కువ. దీన్ని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు, కూడికలూ హెచ్చవేతలూ చాలు. చిన్న చుట్ట పంపే క్షేత్రం దూరం రెట్టింపైతే 8వ వంతుకు పడిపోతుంది. లోహం నుంచి తిరిగొచ్చే క్షేత్రమూ అంతే, రెట్టింపు దూరానికి 8వ వంతు. పోవడానికి 8, రావడానికి 8, మొత్తం 64. అంటే 10 సెంటీమీటర్ల లోతున ఉన్న నాణెం 20 సెంటీమీటర్లకు దిగితే దాని జవాబు 64వ వంతు అవుతుంది. 30కి దిగితే 729వ వంతు. మీటరు లోతుకు దిగితే పది లక్షలవ వంతు.

‘నాణెం కాదు, నిధి బిందెడు ఉంటుంది కదా’ అనొచ్చు. అదీ చూద్దాం. 10 రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంతకు 10 రెట్లు, 27 సెంటీమీటర్ల రాగి బిందె అనుకుందాం. వస్తువు 10 రెట్లు పెద్దదైతే జవాబు 1000 రెట్లు పెరుగుతుంది. వినడానికి చాలా పెద్ద లాభం. కానీ లోతుతో పాటు జవాబు ఆరో ఘాతంలో (లోతు రెట్టింపైతే రెండును ఆరుసార్లు హెచ్చవేసినంత, అంటే 64వ వంతుకు) పడిపోతుంది కాబట్టి, ఆ 1000 రెట్ల బలమంతా పోసి కొనుక్కోగలిగేది మూడు రెట్ల లోతు, కొంచెం అటూఇటూగా. బిళ్లను 30 సెంటీమీటర్ల దాకా పట్టే మెషీన్ బిందెను మీటరు దాకా పడుతుంది. పళ్లెం పెద్దది చేస్తే ఇంకాస్త లోతుకు పోవచ్చు. మీటరు పొడవున చక్రాల మీద లాగే చుట్టలూ ఉన్నాయి. కానీ చుట్ట పెద్దదయ్యేకొద్దీ చిన్న వస్తువులు దానికి వినపడవు, మట్టి చేసే గోల మాత్రం ఎక్కువ వినిపిస్తుంది. చేతిలో పట్టుకున్న స్కానర్ 20 మీటర్ల కింది బంగారు హారాన్ని చూస్తుందని ఎవరైనా అంటే, వాళ్లు ఆరో ఘాతం లెక్క చేయలేదన్నమాట. లేదా చేసి కూడా అమ్ముతున్నారు.

ఇదే సూత్రంతో వందల మీటర్ల లోతు చూసే పరికరాలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, హెలికాప్టర్ కింద పెద్ద తీగచట్రం వేలాడదీసి భూగర్భ జలాల పటాలు తయారు చేసింది. అక్కడా పంపేది పల్సులే, వినేది సుళ్లు చల్లారే తీరే. కాకపోతే అక్కడ వెతికేది బిందె కాదు, కిలోమీటర్ల మేర పరుచుకున్న నేల పొర. లక్ష్యం కూడా పెద్దదైనప్పుడే లోతు దక్కుతుంది.

లోతు తరువాతి ఆశ ‘గోల్డ్ మోడ్’. బంగారాన్ని మాత్రమే చూపిస్తుందట. మెషీన్‌కు రసాయన శాస్త్రం రాదు. దానికి తెలిసేది కరెంటు ఎంత తేలిగ్గా పారుతుంది, వస్తువు సైజు ఎంత, ఇనుములా అయస్కాంత గుణం ఉందా లేదా అన్నంతే. ఇనుమును వేరు చేయడం కొంతవరకు కుదురుతుంది, అది జవాబిచ్చే తీరు వేరు. కానీ బంగారం వాహకత మీటరుకు 41 మెగాసీమెన్స్ అయితే అల్యూమినియంది 37 దరిదాపుల్లో ఉంటుంది. పైగా నగల బంగారంలో రాగి కలుస్తుంది, వాహకత బాగా పడిపోతుంది. ఉంగరమా, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగా అన్నది మీటరు మీద అంకె చూసి చెప్పలేరు. ఇంగ్లండు పొలాల్లో ఏళ్ల తరబడి డిటెక్టర్ తిప్పే అభిరుచిగల వాళ్లు సంచుల కొద్దీ డబ్బా రింగులు పోగేసేది అందుకే. అక్కడే 2009 జులైలో స్టాఫర్డ్‌షైర్ పొలంలో ఒకరికి దాదాపు 4 కిలోల ఆంగ్లో శాక్సన్ బంగారు వస్తువులు దొరికాయి. అంత పెద్ద నిధి కూడా నాగలి కదిపే పైమట్టిలోనే ఉంది. దొరికేవి సాధారణంగా అక్కడే దొరుకుతాయి.

మట్టిది ఇంకో కథ. నేలంతా మౌనంగా ఉంటుందని, లోహం ఒక్కటే పలుకుతుందని అనుకుంటాం. ఎర్రనేలల్లో, ముఖ్యంగా జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే లాటరైట్ రాళ్లలో మాగ్నటైట్, మాగ్‌హెమైట్ లాంటి ఇనుప ఆక్సైడ్ల రేణువులుంటాయి. పల్సు ఆగాక వాటి అయస్కాంతత్వం కూడా మెల్లగానే సర్దుకుంటుంది. చుట్టకు అది లోహం మోతలాగే వినిపిస్తుంది. తేడా ఒక్కటే: లోహంలో సుడి ఒక దశ దాటాక వేగంగా చల్లారిపోతుంది, నేల మోత మాత్రం కాలం రెట్టింపైతే సగం అన్న లెక్కన సాగుతూ ఉంటుంది. మంచి మెషీన్లు ఈ తేడాను పట్టుకుని నేల మోతను తీసేస్తాయి. నేల ఒకేలా ఉన్నంతవరకే ఆ పప్పులు ఉడుకుతాయి. లాటరైట్ గుండు ఒకటి మట్టిలో దిగబడి ఉన్నా, పళ్లెం చేతిలో కొంచెం పైకీ కిందికీ ఊగినా మళ్లీ బీప్.

కోటల దగ్గర తవ్వేవాళ్లకు ఇంకో చిక్కుంది. మట్టిని బాగా కాలిస్తే అందులోని ఇనుము ఎక్కువ అయస్కాంత గుణమున్న ఆక్సైడుగా మారుతుంది. కాల్చిన ఇటుకలు, కుండపెంకులు, పాత పొయ్యిల అడుగు మట్టి డిటెక్టర్‌ను కదిలించగలవు. పాత కోటలో ఇటుకలకు కొదవేముంది?

నిధుల ముచ్చట కాసేపు పక్కన పెడితే, ఈ యంత్రాన్ని పెంచి పెద్దచేసింది మందుపాతరలు. ధాన్యం దాచే గొయ్యిని తెలుగులో పాతర అంటారు. మందు నింపిన పాతర కాబట్టి మందుపాతర. రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లండ్‌లో ఉన్న పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ 1941లో ఒక మనిషి మోయగల మైన్ డిటెక్టర్ తయారుచేశాడు. బరువు 14 కిలోల లోపు. రెండు చుట్టలు, చెవికి టెలిఫోన్, అంతా గ్రాహంబెల్ నాటి ఆలోచనే. 1942 అక్టోబరులో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో ఇలాంటివి 500 ఎడారిలో దిగాయి. బ్రిటిష్ సైన్యం మైన్లు తొలగిస్తూ ముందుకు పోయే వేగం గంటకు 100 మీటర్ల నుంచి 200 మీటర్లకు పెరిగింది. పోలండ్‌లో ఉండిపోయిన కుటుంబానికి ప్రమాదమని కొసాట్స్కీ పేరును రహస్యంగా ఉంచారు.

ఎదుటివాళ్లు ఊరుకోరు కదా. జర్మన్లు చెక్కపెట్టెలో షూమైన్ 42, గాజు గిన్నెలో గ్లాస్‌మైన్ 43 చేశారు. అప్పటి నుంచి మొదలైన ఎత్తుకు పైఎత్తు ఇప్పటికీ ఆగలేదు. నేటి ప్లాస్టిక్ మైన్లలో కొన్నింటిలో లోహం గ్రాముకు మించదు, డిటోనేటర్ గొట్టమో, సూది మొనో అంతే. ఆ గ్రాము కోసం మెషీన్ సున్నితత్వం పెంచితే, చుట్టుపక్కల మట్టిలో ఉన్న ప్రతి తూటా డొల్లా, ప్రతి తీగ ముక్కా పలకడం మొదలుపెడతాయి. కాంబోడియా లాంటి పాత యుద్ధభూముల్లో ఒక్క మైను బయటపడేలోపు వందల కొద్దీ తుక్కు ముక్కలు బయటపడటం మామూలు.

ప్రతి ముక్కనూ మైనే అనుకుని తీయాలి. మీటరు వెడల్పు దారిలో మనిషి మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం తిప్పుతాడు. మోగిన చోట గుర్తు పెడతాడు. తరువాత సన్నటి చువ్వను నేలకు సుమారు 30 డిగ్రీల వాలులో మెల్లగా గుచ్చుతాడు, మైను ఉంటే చువ్వ దాని పక్కకు తగలాలి గానీ పైనున్న మీటను నొక్కకూడదని. గట్టిగా ఏదో తగిలితే చుట్టూ మట్టిని చిటికెడు చిటికెడు తీస్తాడు. తుప్పు పట్టిన మేకు. మళ్లీ మొదలు. రోజంతా మేకులే వచ్చాక కూడా సాయంత్రం వచ్చే బీప్‌ను పొద్దున వచ్చినంత జాగ్రత్తగా తవ్వాలి. యంత్రం కన్నా మనిషి ఓపికే ముందు అయిపోయే పని ఇది. అందుకే లోహాన్ని పట్టించుకోకుండా టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం వాసనను మాత్రమే పసిగట్టే ఆఫ్రికా సంచిబుగ్గల ఎలుకలను రంగంలోకి దించింది అపోపో సంస్థ. కాంబోడియాలో పనిచేసిన మగావా అనే ఎలుకకు 2020లో బంగారు పతకం కూడా వచ్చింది. తుక్కు దాని దృష్టిలో తుక్కే.

తెలుగు నేలకు ఆనుకున్న దండకారణ్యంలో సమస్య రూపం వేరు. అక్కడ లోహం తక్కువ కావడం కన్నా లోతు ఎక్కువ కావడం దెబ్బతీసింది. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర జరిగిన పేలుడులో 10 మంది డీఆర్‌జీ (ఛత్తీస్‌గఢ్ పోలీసుల జిల్లా రిజర్వ్ గార్డు) జవాన్లు, వాహనం డ్రైవర్ చనిపోయారు. మావోయిస్టులు రోడ్డు పక్క నుంచి సొరంగంలా తవ్వి, తారు కింద మందు పెట్టారని పోలీసులు చెప్పారు. పైనుంచి చూస్తే రోడ్డు తవ్విన ఆనవాలు ఉండదు. పళ్లెం పట్టుకుని నడిస్తే ఆరో ఘాతం అడ్డుపడుతుంది. ఇలాంటి చోట్ల మెషీన్ కన్నా తిరగబడిన మట్టి రంగు, గడ్డిలో కనిపించీ కనిపించని వైరు, ఊరివాళ్లు చెప్పే మాటే ఎక్కువ పనికొస్తాయి.

మేకు, మైను తేడా తవ్వకుండానే చెప్పే దారిలో ఈ మధ్య జరిగిన అసలైన ముందడుగు అమెరికా సైన్యం పాత ఫైరింగ్ రేంజుల్లో వచ్చింది. అలబామాలోని క్యాంప్ సిబర్ట్, కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పో లాంటి చోట్ల 2007 నుంచి పరీక్షలు చేశారు. ఒకే చుట్ట బదులు మూడు దిశల్లో చుట్టలు పెట్టి, కింది వస్తువును నిలువుగా, అడ్డంగా, ముందువెనకలుగా మూడు వైపుల నుంచీ కదిలిస్తారు. ఫిరంగి షెల్ కీరదోసకాయలాంటిది. పొడవు వైపు ఒక స్పందన, అడ్డం వైపు రెండు సమానమైన స్పందనలు. దోసకాయను ఎటు తిప్పి పాతిపెట్టినా లెక్కలో ఈ పొందిక మారదు. పగిలిన ఇనుప పెంకుకు ఆ సమానత్వం ఉండదు, మూడూ మూడు రకాలుగా వస్తాయి. సుడి చల్లారే తీరు కూడా కలిపి చూస్తే లోతు, సైజు, ఆకారం విడివిడిగా బయటికొస్తాయి. చాలా తుక్కును తవ్వకుండా అక్కడే వదిలేయవచ్చని ఆ పరీక్షలు చూపించాయి. మొదట చెప్పుకున్న ముడిని చాలావరకు విప్పింది ఇదే. అయితే ఇది బండి మీద లాగే సామగ్రి, వెనక కంప్యూటరూ, లెక్క తెలిసిన మనిషీ కావాలి. గుడి వెనక అర్ధరాత్రి పని కాదు.

ఇక చుట్టే లేని స్కానర్లున్నాయి. పిడికి తగిలించిన ఏంటెన్నా అటూ ఇటూ ఊగి నిధి ఉన్న దిక్కు చూపిస్తుందంటారు. ఏడీఈ 651 పేరుతో ఇలాంటిదాన్నే బాంబు డిటెక్టర్ అని ఇరాక్ ప్రభుత్వానికి అంటగట్టారు. పోయిన గోల్ఫ్ బంతులను వెతికే బొమ్మ లాంటి పరికరం దానికి మూలం. అందులో బ్యాటరీ లేదు, పనిచేసే సర్క్యూట్ లేదు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్మి వాహనాలు వదిలేశారు. అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013 మేలో లండన్ కోర్టు 10 ఏళ్ల జైలు వేసింది. ఏ డిటెక్టర్‌నైనా కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న చిన్నదే: చుట్ట ఎక్కడ, దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

చట్టం సంగతి కూడా ఒక మాట. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. 10 రూపాయలన్నది ఆ కాలపు లెక్క, మార్చలేదు. హక్కుదారులెవరూ లేరని తేలితే దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని ఆ చట్టమే చెబుతుంది. అర్ధరాత్రి తవ్వేవాళ్లలో ఈ సెక్షన్ తెలిసినవాళ్లు తక్కువేననిపిస్తుంది. రక్షిత కట్టడం దగ్గర గునపం దించితే మాత్రం వేరే చట్టాలు వచ్చి మీద పడతాయి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే, పట్టపగలే తవ్వకాలు జరిగాయి. ఊరంతా టెన్షన్‌గా చూసింది. ఎముకలు, ఇటుకల్లాంటివి తప్ప నిధి బయటపడలేదు.

అదే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో ఏటా తొలకరి పడగానే ఇంకో వేట మొదలవుతుంది, వజ్రాల కోసం. అక్కడికి ఏ డిటెక్టర్ తెచ్చినా దండగే. వజ్రంలో కరెంటు పారదు, సుడి పుట్టదు, ఇనుము రేణువుల అయస్కాంత గుణమూ లేదు. పళ్లెం కింద వజ్రం పెట్టినా పలుగురాయి పెట్టినా మెషీన్‌కు రెండూ ఒకటే. దూరాభారం నుంచి వచ్చి చెట్ల కింద వండుకు తింటూ జనం చేసేదల్లా, వాన కడిగిన మట్టి మీద ఏటవాలు ఎండలో ఏదైనా తళుక్కుమంటుందేమోనని తలొంచుకుని నడవడమే.